ఎడమకి తిప్పితే టక్కుమంటోంది

పశువుల ఆసుపత్రి, వెనక గది
ఫిబ్రవరి 3

అక్కా,

ఫోన్ చేస్తే మూడో మాటకే ఇద్దరం గొంతులు పెంచుకుంటాం కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. పైగా ఇక్కడి ఆఫీసు ఫోను వారంలో నాలుగు రోజులు మూగనోము పట్టి కూర్చుంటుంది. మందుల వ్యాను కొండ దిగేటప్పుడు ఉత్తరాలు పట్టుకెళ్తుంది, ఎక్కేటప్పుడు తెస్తుంది. అదొక్కటే నమ్మకం.

నాన్న బండికి జబ్బు చేసింది. ఆవుకైతే చెవులు పట్టుకుని చూసి జ్వరం ఉందో లేదో చెప్పేస్తాను. దీనికి ఎక్కడ చెయ్యి పెట్టాలో కూడా నాకు తెలియదు. నవ్వకు.

స్టీరింగ్ ఎడమకి తిప్పితే కాళ్ళ కింద ఎక్కడో టక్కుమంటోంది. ఒక్కటే దెబ్బ, పిడికిలితో తలుపు కొట్టినట్టు. కుడికి తిప్పితే ఏ చప్పుడూ లేదు. తిన్నగా పోయేటప్పుడు స్టీరింగ్ రెండు వేళ్ళ మేర ఉత్తినే ఆడుతోంది. రాళ్ళ దారిలో ముందు భాగమంతా గలగలలాడుతుంది కానీ అది ఎప్పుడూ ఉన్నదే. ఈ టక్ మాత్రం కొత్తది.

కింద బజారులో ఒక మేస్త్రీ ఉన్నాడు, డెబ్భై దాటిన మనిషి. అందరూ పెద్దాయన అంటారు. బండి చూసి, "ఇది ఎవరో ప్రాణంగా చూసుకున్న బండి బాబూ" అన్నాడు. నాకు చాలా సంతోషమేసింది. ఆయన చేత చూపించనా, నువ్వేదైనా చెప్తావా?

బావని అడిగానని చెప్పు.

తమ్ముడు


షెడ్డు
ఫిబ్రవరి 9

డాక్టరు గారికి,

తొమ్మిది నెలలకి అక్క గుర్తొచ్చింది, అదీ బండి టక్కుమంటే! నాలుగు చక్రాలూ గుండ్రంగా తిరిగినన్నాళ్ళూ నీకు నేను అక్కర్లేదు. సరే, రాశావు, అదే పదివేలు.

నీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. బావ పక్కనే కూర్చుని కాపీలు దిద్దుకుంటూ, "మీ తమ్ముడు బండి గురించి రాస్తే సవతి ఊసు చదివినట్టు మొహం పెడతావేమిటే" అన్నాడు. బడిపంతులు కదా, అందరి మొహాలూ దిద్దుతుంటాడు.

ప్రాణంగా చూసుకున్న బండి అని ఆ పెద్దాయన ఇవాళ కనిపెట్టాడా! ప్రాణంగా చూసుకున్నది ఎవరో కూడా చెప్పకపోయావా? పదమూడేళ్ళప్పటి నుంచి ఆ బండి కింద వెల్లకిలా పడుకున్నదాన్ని నేను. నా జడలో గ్రీజు పోవడానికి అమ్మ కిరోసిన్ పట్టించేది. నువ్వేమో పైన సీట్లో దొరలా కూర్చుని నాన్న చెప్పినప్పుడు స్టీరింగ్ తిప్పేవాడివి, అంతే. చివరికి బండి సీట్లో కూర్చున్నవాడికే పోయింది. నేనేం అనడం లేదు. నాన్న ఇష్టం నాన్నది. పోతూ పోతూ నాకు ఈ రిపేరు షెడ్డు ఇచ్చాడు, నీకు బండి ఇచ్చాడు. కొండెక్కి పశువులు చూసేవాడికి బండి కావాలి, నిజమే.

ఇక పని మాట. చక్రాలని రెండు వైపులా కలిపి తిప్పే కడ్డీ ఉంటుంది, టై రాడ్. దాని రెండు చివర్లా బంతిలా ఉండే కీళ్ళు అరిగి ఉంటాయి. అవి మార్పించు. ఇరుసు మీద బండి బరువు మోసే ఇనప బద్దీల కట్టలుంటాయి, కమాన్లు. వాటి చివర రబ్బరు బుష్షులు కూడా ఎండిపోయుంటాయి, అవీ మార్పించు. టక్ పోవచ్చు.

పోకపోతే ఆ ముసలాయన చేత ఇంకేదీ విప్పించకు. బండిని లారీ మీదికి ఎక్కించి ఇక్కడికి పంపు. పది రోజుల్లో బాగుచేసి తిప్పి పంపుతాను. తెలియని చేతులు పడితే ఉన్నది కూడా పోతుంది.

అక్క


పశువుల ఆసుపత్రి
ఫిబ్రవరి 20

అక్కా,

నువ్వు రాసినట్టే టై రాడ్ చివర్లు రెండూ మార్చాం. కమాన్ల బుష్షులూ మార్చాం. పాతవి చేతిలో పెట్టుకుంటే ఎండు రొట్టెలా పొడిపొడి అయిపోయాయి. స్టీరింగ్ ఆడటం సగం తగ్గింది. గలగల కూడా తగ్గింది. టక్ మాత్రం అలాగే ఉంది.

"మార్చాం" అన్నాను చూశావా! పెద్దాయన నా చేతికి పానా ఇచ్చాడు. "బండి నీదైతే నట్టు కూడా నువ్వే బిగించాలి బాబూ, కొండ మీద ఆగిపోతే నేనెక్కడి నుంచి వస్తాను" అన్నాడు. నలభై ఏళ్ళకి మొదటిసారి నా చేతులకి గ్రీజు అంటింది. రెండు రోజులు వేళ్ళు నొప్పి పెట్టాయి కానీ, అక్కా, భలే ఉంది ఆ నొప్పి.

ఆయన పని తీరు నువ్వు చూడాలి. ముందు ఏదీ విప్పడు. బండి బానెట్ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని వింటాడు. నీ ఉత్తరం నా చేత చదివించుకున్నాడు (తిట్లు వదిలేసి చదివాను). "అక్కగారు చెప్పింది ముందు చేద్దాం, ఆమెకి ఈ బండి పుట్టుక తెలుసు" అన్నాడు. నువ్వంటే ఆయనకి గౌరవం. నీకే ఆయనంటే పడటం లేదు.

డ్రైవరు సీటు కవరు చిరిగిపోతే కొత్తది వేయించాను, ఆకుపచ్చది. బాగుంది.

ఒక్కటి అడుగుతాను. చిన్నప్పుడు నాన్న నన్ను పైన కూర్చోబెట్టి "తిప్పు, ఇటు, మళ్ళీ అటు" అనేవాడు, మీరిద్దరూ కింద ఉండేవాళ్ళు. కాసేపటికి తప్పు ఎక్కడుందో దొరికిపోయేది. కింద మీరు ఏం చేసేవాళ్ళు? నాకు ఎప్పుడూ కనపడలేదు. అది రాస్తే పెద్దాయనా నేనూ చేసి చూస్తాం. ఇప్పటిదాకా ఆయన బండిని జాకీ మీదకి ఎత్తి చక్రాలు ఊపి చూస్తున్నాడు. అలా ఎత్తితే టక్ రావడం లేదు.

లారీ మీద పంపడం కుదరదు. ఇంకో నెలలో టీకాల పని మొదలవుతుంది.

తమ్ముడు


షెడ్డు
ఫిబ్రవరి 26

చిన్నోడా,

ఆ సీటు కవరు ఏ రంగుదో నీకు గుర్తుందా? ముదురు గోధుమ రంగు. కుడి తొడ దగ్గర కుట్టు వేసింది నేను, బావ చొక్కాల దారంతో. చిరిగితే కుట్టించాలి కానీ పీకేసి ఆకుపచ్చది తొడుగుతారా! నాన్న కూర్చున్న సీటు అది. పాత కవరు పారేశావా, ఉంచావా? ఉంచితే నాకు పంపు.

నీ చేతికి పానా ఇచ్చాడా ఆయన? చాలా సంతోషం. నాన్న నీ చేతికి ఎప్పుడూ పానా ఎందుకు ఇవ్వలేదో ఆలోచించావా? "వీడికి చదువు ఉంది, వీడి చేతులు పాడవకూడదు" అనేవాడు. నా చేతులు పాడవచ్చు. నా చేతులు చూసి పెళ్ళివారు వెనక్కి పోయారు, బావ ఒక్కడే సరే అన్నాడు. ఇప్పుడు పరాయి ముసలాయన ఒకడొచ్చి నీకు రెండు నట్లు బిగించడం నేర్పితే, నువ్వు నాకు నొప్పి భలే ఉందని రాస్తావు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక పెద్దమనిషి కారు తెస్తే రేపు రమ్మని తిప్పి పంపేశాను.

ఆయనకి నేనంటే గౌరవమైతే ఆ గౌరవం దగ్గర పెట్టుకోమను.

ముందు చక్రాల బేరింగులు బిగించి చూడండి. ముందు ఇరుసు చివర చక్రం తిరిగే పిన్నులకి గ్రీజు కొట్టించు, ఎన్నాళ్ళయిందో. షాకప్పుల నట్లు చూడు. స్టీరింగ్ బాక్సు జోలికి మాత్రం వెళ్ళకండి, దాని లోపలి పళ్ళు సున్నితం. ఆయన చేత దాన్ని ముట్టించకు. గట్టిగా చెప్తున్నాను.

ఇవేవీ కాకపోతే బండి పంపు. టీకాలకి ఆఫీసు వాళ్ళని వేరే బండి అడుగు. నువ్వు డాక్టరువి, అడిగితే ఇస్తారు. ఎందుకు మొండికేస్తావు?

అక్క


పశువుల ఆసుపత్రి
మార్చి 12

అక్కా,

బేరింగులు బిగించాం. పిన్నులకి గ్రీజు కొట్టాం. షాకప్పుల నట్లు చూశాం. టక్ అలాగే ఉంది. పోయిన గురువారం వాగు దగ్గర మలుపులో ఎడమకి గట్టిగా తిప్పితే టక్కుమని, ఆ తరవాత బండి నేను తిప్పినదాని కంటే ఒక జానెడు ఎక్కువే తిరిగింది. చక్రం తగిలి ఒడ్డు నుంచి బండరాయి ఒకటి వాగులోకి జారి పడింది. పక్కన కాంపౌండరు ఉన్నాడు.

పాత కవరు ఉంచాను. వ్యానులో పంపుతున్నాను.

ఇక నా మనసులో ఉన్నది రాసేస్తాను. ప్రతి ఉత్తరంలోనూ "బండి పంపు" అంటున్నావు. నేను అడిగిందానికి మాత్రం జవాబు లేదు. మీరు బండి కింద ఏం చేసేవాళ్ళని అడిగితే సీటు కవరు గురించి ఒక పేజీ రాశావు. నీకు తెలియకపోవడం అనేది ఉండదు. చెప్పదలుచుకోలేదు. బండి నాకు పనికిరాకుండా పోతే అదే నీ దగ్గరికి వస్తుందని చూస్తున్నావా? కావాలంటే అడుగు అక్కా. నాన్న ఇచ్చాడని నేను తాళం గుప్పిట్లో పెట్టుకుని కూర్చోలేదు. అడగవు, ఇలా చుట్టూ తిరుగుతావు.

దొరలా కూర్చున్నానన్నావు. ఆ సీట్లోంచి నాకు కనిపించేది అద్దం, అద్దం అవతల షెడ్డు గోడ. కింద మీ ఇద్దరి మాటలు వినపడేవి. ఏదో అనుకుని నవ్వుకునేవాళ్ళు. నాన్న నీతో నవ్వినట్టు నాతో ఒక్కనాడూ నవ్వలేదు. "నేనూ కిందకి వస్తాను" అంటే "నువ్వు తిప్పరా, నీ పని అది" అనేవాడు. నువ్వు నా సీటు చూసి కుళ్ళుకున్నావేమో. నేను ఆ బండి కింద చోటు చూసి కుళ్ళుకుంటూనే పెరిగాను. ఇప్పుడు డెబ్భై దాటిన ఒకాయన నన్ను కిందకి పిలిస్తే నేను పసివాడిలా సంబరపడ్డాను. దానికే నీకు ఒళ్ళు మండిందట.

ఇరవయ్యో తారీఖున కనుమ దాటి అవతలి మందలకి టీకాలు వెయ్యాలి. అటు గొర్రెలకి పారుడు రోగం మొదలైంది, ఆగితే సగం పోతాయి. కాంపౌండరు, ఇద్దరు సహాయకులు, నేను. పెద్దాయన కూడా వస్తానంటున్నాడు, దారిలో టక్ ఎక్కడుందో వింటాడట. ఆఫీసు వాళ్ళని బండి అడిగాను, లేదన్నారు. మన బండే తీసుకెళ్తున్నాను.

తమ్ముడు


షెడ్డు
మార్చి 17, ఉత్తరం అందిన గంటలోనే

తమ్ముడూ,

ఆఫీసు ఫోనుకి పదకొండుసార్లు చేశాను. చివరికి గుమస్తా ఎత్తాడు. "డాక్టరు గారి అక్కని. బండి కదపొద్దని చెప్పండి, నేను చెప్పానని చెప్పండి" అన్నాను. కారణం అడిగాడు. పరాయివాడికి ఎలా చెప్పను? ఉత్తరంలో రాస్తానన్నాను. అతను నీకు చెప్తాడనే నమ్మకంతో ఇది రాస్తున్నాను. వ్యాను వెళ్ళడానికి ఇంకా అరగంట ఉంది. బావ సైకిలు బయటపెట్టి గుమ్మంలో నిలబడ్డాడు.

స్టీరింగ్ బాక్సు ఛాసిస్‌కి, అంటే బండి కింది చట్రానికి, బిగించి ఉండే చోట పగులు ఉంది. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే అదేనని నాకు తెలిసిపోయింది. ఎడమకి తిప్పితే బాక్సు తోసే తోపు అంతా ఆ చోటు మీదే పడుతుంది. అది తెరుచుకుంటే స్టీరింగ్ నీ చేతిలో ఉంటుంది, చక్రాలు నీ చేతిలో ఉండవు.

ఆ పగులు నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు వచ్చింది. నాన్న అత్తయ్య దగ్గరికి వారం రోజులు వెళ్ళాడు. వచ్చేసరికి నేనే అతికేసి చూపిద్దామనుకున్నాను. పగులు అతికే ముందు దాని రెండు చివర్లా చిన్న రంధ్రం వెయ్యాలి. అలా వేస్తే పగులు అక్కడికొచ్చి ఆగిపోతుంది, వెయ్యకపోతే అతుకు పక్క నుంచి పాకుతూనే ఉంటుంది. నాన్న వందసార్లు చెప్పాడు. ఆ రంధ్రం వెయ్యాలంటే బాక్సు మొత్తం విప్పాలి, పూట పని. నాకు తొందర. విప్పలేదు. పైపైన వెల్డింగ్ చేసి, రాకి, నల్ల రంగు కొట్టేశాను. నాన్న వచ్చి వంగి చూశాడు. "బాగుంది" అన్నాడు. ఆ మర్నాటి నుంచి షెడ్డులో వెల్డింగ్ అంతా నాదే. ఆ ఒక్క మాట మీద నేను ఇంత పని నేర్చుకున్నాను, షెడ్డు నాదయింది. నేను చేసింది దొంగపని అని ఆయనకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

మేము బండి కింద ఏం చేసేవాళ్ళమో ఎందుకు రాయలేదో ఇప్పుడు అర్థమైందా? అది చేస్తే ఆ అతుకు సరిగ్గా కళ్ళ ముందు ఉంటుంది. నీ పెద్దాయన చూస్తాడు. "ఇదెవరి పని?" అంటాడు. అతని ముందు, నీ ముందు నా పరువు పోవడం నాకు ఇష్టం లేకపోయింది. బండి ఇక్కడికి వస్తే ఎవరికీ తెలియకుండా కోసేసి మళ్ళీ సరిగ్గా చేసేద్దామనుకున్నాను. అదీ నా పన్నాగం.

ఇప్పుడు రాస్తున్నాను. బండిని జాకీ మీద ఎత్తొద్దు. బరువంతా చక్రాల మీదే ఉండాలి. ఇంజను ఆన్‌లో పెట్టి ఒకరు స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా ఎడమకీ కుడికీ ఊపాలి. ఒకరు కింద పడుకుని ఒక్కో కీలు మీదా అరచెయ్యి పెట్టి ఆగాలి. కంటికి కనపడనిది చేతికి తెలుస్తుంది. చప్పుడు ఎక్కడ పుడుతుందో అక్కడ అరచేతికి చిన్న దెబ్బ తగులుతుంది. మేము చేసింది అంతే. బాక్సు మీద చెయ్యి పెట్టు, అది ఛాసిస్ నుంచి కదులుతుంది చూడు.

బండి మాత్రం కదపొద్దు. నీకు దణ్ణం పెడతాను.

అక్క


పశువుల ఆసుపత్రి
మార్చి 24

అక్కా,

గుమస్తా నీ మాట చీటీ మీద రాసి పద్దెనిమిదో తారీఖున నా బల్ల మీద పెట్టాడు. "బండి కదపవద్దు, అక్క." అంతే ఉంది. కారణం లేకపోయినా ఆగాను. నీ మాట మీద ఆగాను, అది తెలుసుకో. టీకాల పని వాయిదా వేశాను. అవతలి మందల వాళ్ళకి కబురు పంపితే, ఇప్పటికే పన్నెండు గొర్రెలు పోయాయని జవాబు వచ్చింది.

ఉత్తరం ఇరవై ఒకటిన అందింది. ఆ రోజే ఆసుపత్రి ఆవరణలో బండి నిలబెట్టి నువ్వు చెప్పినట్టు చేశాం. పెద్దాయన పైన కూర్చున్నాడు. నేను కింద పడుకున్నాను. మొదట బాక్సు మీద అరచెయ్యి పెట్టాను, భయం భయంగా. ఆయన ఊపాడు. టక్. బాక్సు కదల్లేదు. మళ్ళీ ఊపమన్నాను. నా చెయ్యికి ఏమీ తగల్లేదు. దెబ్బ ఇంకో పక్క నుంచి వస్తోంది. ఒక్కొక్కటే పట్టుకుంటూ పోయాను. ఎడమ కమాను మీద చెయ్యి వేసేసరికి అరచేతిలో టక్కుమంది.

కమాను కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టులు వదులైపోయాయి. కట్ట మధ్యలో ఉండే బోల్టు రెండు ముక్కలైంది. ఎడమకి తిప్పినప్పుడల్లా ఇరుసే ఒక వేలెడు వెనక్కి జారి మళ్ళీ కూర్చుంటోంది. బండిని జాకీ మీద ఎత్తితే ఆ బరువు లేదు కాబట్టి జారదు, అందుకే ఆయనకి దొరకలేదు. కొత్త బోల్టులు వేసి బిగించాం. ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. నువ్వు ఈ పద్ధతి ఫిబ్రవరిలో రాసి ఉంటే అప్పుడే దొరికేది.

ఇక నీ అతుకు. రంగు గీకి చూశాం. పెద్దాయన భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. సుత్తితో తట్టి విన్నాడు. పగులు ఎక్కడా కదల్లేదు. రెండు చివర్లా పెసరగింజంత రంధ్రాలు ఉన్నాయి అక్కా. నువ్వు వెయ్యలేదన్నావు. ఎవరో తరవాత బాక్సు విప్పి, శ్రద్ధగా వేసి, మళ్ళీ నీ రంగులాంటి రంగే పూశారు. ఎవరో నీకు నేను చెప్పక్కర్లేదు. నువ్వు షెడ్డులో లేని ఏదో పూట చేసి ఉంటాడు. పెద్దాయన, "అతికింది ఒకరు, ఆపింది ఇంకొకరు. రెండూ మంచి చేతులే" అన్నాడు.

ఇంతవరకూ మంచి కబురు. ఇప్పుడు రెండోది.

ఫిబ్రవరి తొమ్మిది నుంచి మార్చి పదిహేడు దాకా, ఐదు వారాలు, నీ తమ్ముడు తిప్పే స్టీరింగ్ ఏ క్షణమైనా ఊడిపోతుందని నువ్వు నమ్మావు. నమ్మి, బుష్షులు మార్చమని రాశావు. గ్రీజు కొట్టమని రాశావు. అతుకు నిలబడింది, అది నాన్న పుణ్యం. నీకు ఆ సంగతి తెలియదు కదా! నా ప్రాణం కంటే ఆ ముసలాయన ముందు నీ పరువు ఎక్కువైంది. వాగు దగ్గర నా పక్కన కూర్చున్న కాంపౌండరుకి ముగ్గురు పిల్లలు.

నాకు కోపంగా ఉంది. ఇంతకంటే రాయలేను.

తమ్ముడు


షెడ్డు
మార్చి 30

తమ్ముడూ,

నీ ఉత్తరానికి జవాబు నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. బావ, "ఉన్నది ఉన్నట్టు రాయి, నీకు అందంగా రాయడం ఎలాగూ రాదు" అన్నాడు.

ఉన్నది రాస్తాను. రంధ్రాల సంగతి చదివినప్పుడు నాకు మొట్టమొదట ఏమనిపించిందో తెలుసా? నువ్వు క్షేమం అని కాదు. అవి నాకంటే ముందు నువ్వు చూశావని. నాన్న నాకోసం చేసిన పని మీద నువ్వు వేలు పెట్టి తడిమావు, ఆ ముసలాయన భూతద్దం పెట్టుకుని చూశాడు, నేను మాత్రం ఇక్కడ కాగితంలో చదువుకుంటున్నాను. ముందు అదే మండింది. నువ్వు బతికున్నావన్న సంతోషం దాని వెనకాల వచ్చింది. ఎంతసేపటికి వచ్చిందో కూడా చెప్పగలను, కానీ చెప్పను, సిగ్గేస్తోంది.

ఇది ఇవాళ పుట్టిన కుళ్ళు కాదు. నాన్న ఆఖరి నెలల్లో నిన్ను పిలిచి తాళం ఇచ్చినప్పుడు నేను గిన్నెలు కడుగుతూ విన్నాను. అప్పటి నుంచి ఆ బండి నీ దగ్గర బాగుంటే నాకు బాధ, పాడైతే నాకు బాధ. ఎడమకి తిప్పితే టక్కుమంటోందని రాసినప్పుడు భయమేసింది, నిజం. ఆ భయం పక్కనే చిన్న సంతోషం కూడా ఉంది. ఆహా, బండి నన్ను అడుగుతోంది, వాణ్ణి కాదు, అని. ఆ సంతోషమే నా చేత బుష్షులు, గ్రీజు అని రాయించింది. నీకు ప్రమాదమని తెలిసి కూడా రాయించింది. దీనికి నేను ఏ సాకూ చెప్పను. చెప్పినా నువ్వు నమ్మొద్దు.

ఇంకొక మాట. నాన్న "బాగుంది" అన్నది నా పని చూసి కాదని తేలిపోయింది. తప్పు చూశాడు, నన్ను ఏమీ అనలేదు, నేను లేనప్పుడు సరిచేశాడు. నేను ఇన్నాళ్ళూ ఆయన్ని మోసం చేశాననుకుని బతికాను. షెడ్డులో వెల్డింగ్ చేసే మూల కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఎవరో బండి తెచ్చి హారన్ కొడుతున్నా లేవలేదు.

నీ పెద్దాయనకి నా నమస్కారం చెప్పు. నా ఉత్తరాలు నమ్మి నెల రోజులు తప్పు చోట వెతికాడు పాపం. కాంపౌండరుకి ఏం చెప్పాలో నాకు తెలియదు. పన్నెండు గొర్రెల వాళ్ళకి ఏం చెప్పాలో అసలే తెలియదు.

నన్ను రమ్మంటే వస్తాను. బండి కోసం కాదు. వద్దంటే రాను, నొచ్చుకోను. నొచ్చుకుంటాను కానీ నీకు రాయను.

అక్క


పశువుల ఆసుపత్రి
ఏప్రిల్ 5

అక్కా,

కోపం పోలేదు. పోయిందని రాస్తే నువ్వు నమ్మవు, కాబట్టి రాయను.

వాయిదా వేసినప్పుడు వెనక్కి పోయిన టీకా మందు పన్నెండున మళ్ళీ వస్తుంది. పధ్నాలుగో తారీఖున కనుమ దాటి టీకాలకి వెళ్తున్నాం. పదమూడు సాయంత్రానికల్లా నువ్వు ఇక్కడ దిగాలి. దిగగానే బండి కిందకి వెళ్ళు, ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండు. ఎవరం పిలవం. పెద్దాయన ఆ అతుకు మీద అదనంగా ఇనుప పట్టీ వేస్తానన్నాడు. నేనే వద్దన్నాను.

మర్నాడు పొద్దున బండి నేను నడుపుతాను. నువ్వు నా పక్కన కూర్చుంటావు. కాంపౌండరు వెనక కూర్చుంటాడు, అతనికి అంతా చెప్పాను. నీతో ఒకే బండిలో రావడానికి అతనికి అభ్యంతరం లేదు, ముందు నీకు ఉందో లేదో కనుక్కోమన్నాడు. వాగు నుంచి కనుమ దాకా ఎడమ మలుపులు పదిహేడు ఉన్నాయి, లెక్కపెట్టాను. పదిహేడూ నీ వెల్డింగ్ మీదా నాన్న రంధ్రాల మీదా దాటాలి. పన్నెండు గొర్రెలు పోయిన వాళ్ళు అవతల ఉంటారు. ఎందుకు ఆలస్యమైందో వాళ్ళకి నువ్వే చెప్పాలి.

నువ్వు ఎక్కి తలుపు వేసుకున్నాకే నేను స్టార్ట్ చేస్తాను.

తమ్ముడు